కింది జి: మా బ్యాండులో బేస్ గిటార్ పనుల డైరీ

మాది విశాఖపట్నంలో ఐదుగురి బ్యాండు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ ఆదివారం సాయంత్రాలు కలిసి పాత సినిమా పాటలు వాయిస్తాం. కీబోర్డు మీద మాస్టారు, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ మీద ఒక కుర్రాడు, పాడేది అక్క, బావగారు. బేస్ గిటార్ నాది. మన ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల బేస్ పని కీబోర్డు ఎడమచెయ్యే చేసేస్తుంది కాబట్టి, ఏదైనా అడిగి తెలుసుకుందామంటే దగ్గర్లో బేస్ వాయించే మనిషి దొరకలేదు. నాలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని ఈ పది నెలల్లో కొలిచినవి, చెడగొట్టినవి, మార్చినవి రాసిపెడుతున్నాను.

వాయిద్యం: సెకండ్ హ్యాండ్ నాలుగు స్ట్రింగుల బేస్. స్ట్రింగు మోగే పొడవు 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. స్ట్రింగు కదలికని కరెంటు సంకేతంగా మార్చే సింగిల్ కాయిల్ పికప్‌లు రెండు, బ్యాటరీ లేని రకం. స్ట్రింగులు వదిలి మీటితే వచ్చే స్వరాలు: ఇ 41.2 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), ఎ 55, డి 73.4, జి 98. వీటితోపాటు ఇంకో అంకె గుర్తుంచుకోవాలి. ఇ స్ట్రింగు మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర వచ్చే కింది జి, 49 హెర్ట్జ్. నా కష్టాల్లో సగం అక్కడే వచ్చాయి.

దశ 1: మెడ, స్ట్రింగుల ఎత్తు (నవంబరు)

కొన్నప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర స్ట్రింగుల ఎత్తు ఇ కింద 3.6 మి.మీ., జి కింద 3.1 మి.మీ. అరగంట వాయిస్తే వేళ్ళు లాగేసేవి. ఎత్తు తగ్గించాలని నేరుగా బ్రిడ్జి (స్ట్రింగుల కింది కొసలు ఆనే లోహపు పలక) మీద స్క్రూలు తిప్పి 2 మి.మీ.కి దించేశాను. అదీ మొదటి తప్పు. 12వ ఫ్రెట్ దాటాక ప్రతి స్వరం గరగరలాడింది. 5వ ఫ్రెట్ దగ్గర మాత్రం స్ట్రింగు ఇంకా ఎత్తుగానే ఉంది. రెండు సాయంత్రాలు దించడం, ఎత్తడం, మళ్ళీ దించడంతోనే గడిచిపోయాయి.

అసలు లోపం మెడలో ఉంది. స్ట్రింగుల లాగుడికి మెడ ముందుకి వంగిపోయి ఉంది. ఆ వంపు కొలవడానికి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట) కావాలి. మా వీధి చివర బైకు మెకానిక్ దగ్గర ట్యాపెట్ల సందు చూసే గేజ్ ఉంటే ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను. వంపు 0.8 మి.మీ. ఉంది. నాకు కావలసింది 0.3 దగ్గర.

రెండోసారి చేసిన పద్ధతి ఇది. ఈ వరస తప్పొద్దు.

1. ముందు శ్రుతి చేసుకోవాలి. స్ట్రింగులు వదులుగా ఉన్నప్పుడు కొలిచే కొలత పనికిరాదు.
2. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (స్ట్రింగులన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, ఇ స్ట్రింగుని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 7, 8 ఫ్రెట్ల దగ్గర స్ట్రింగుకీ ఫ్రెట్‌కీ మధ్య సందు కొలవాలి.
3. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఇనుప కడ్డీని) గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు బిగించాలి. అంతకు మించి ఒక్కసారే వద్దు.
4. ఒక రాత్రి వదిలేసి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ కొలవాలి.
5. మెడ కుదిరాకే బ్రిడ్జి స్క్రూల జోలికి వెళ్ళాలి.
6. చివర్లో 12వ ఫ్రెట్ స్వరాన్ని అదే చోట స్ట్రింగుని నొక్కకుండా తాకి మీటితే వచ్చే హార్మోనిక్‌తో పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ (బ్రిడ్జి మీద స్ట్రింగు ఆనే ముక్క) వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకి జరపాలి.

నాకు మూడు రాత్రులు పట్టింది. 0.8 నుంచి 0.55కి, తర్వాత 0.4కి, చివరికి 0.3కి వచ్చింది. ఆ తర్వాత ఇ 2.4 మి.మీ., జి 1.9 మి.మీ. దగ్గర గరగర లేకుండా నిలబడ్డాయి. పది నెలల్లో ఈ రెండు అంకెలు మార్చాలనిపించలేదు.

సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఒక మాట. బ్రిడ్జిలో ఎత్తు సరిచేసే చిన్న గ్రబ్ స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉన్నాయి. బలవంతంగా తిప్పితే 1.5 మి.మీ. అలెన్ కీ జారి రెండింటి గుంటలు అరిగిపోయాయి. తుప్పు వదిలే నూనె ఒక్కో చుక్క వేసి రాత్రంతా ఉంచి ఉంటే ఆ రెండూ దక్కేవి. మొత్తం ఎనిమిదీ కొత్తవి వేశాను. రెండో సెట్టు వేసినప్పటినుంచి వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో స్ట్రింగుల పైనా కిందా తుడుస్తున్నాను. తుడవని మొదటి సెట్టు ఆరు వారాలకే డల్ అయిపోయింది. తుడిచిన రెండోది ఐదు నెలలు దాటినా ఇంకా బాగానే పలుకుతోంది.

ఇప్పటిదాకా: బేస్ ₹11,000, స్ట్రింగులు (మందం 45–105) ₹1,350, అలెన్ కీలు ₹220, స్క్రూలు ₹80. మొత్తం ₹12,650. సాధన 19 గంటలు. పాటలు సున్నా.

దశ 2: గుయ్‌మనే మోత (డిసెంబరు)

యాంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) తగిలించగానే ఆగకుండా ఒక మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, కింది జి 49 హెర్ట్జ్. ఆ రెండూ పక్కపక్కనే ఉండటంతో కింది జి పట్టుకుంటే స్వరం నిలకడగా ఉండక ఊగిసలాడేది. నా వేళ్ళ తప్పేమో అనుకుని వారం రోజులు ఆ ఒక్క స్వరమే సాధన చేశాను. తప్పు వేళ్ళది కాదు.

మామూలుగా అయితే స్ట్రింగుల మీద చెయ్యి వేస్తే మోత తగ్గాలి. నా దానికి తగ్గలేదు. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర ఇనుప పలక ముట్టుకుంటే మాత్రం తగ్గింది. అంటే బ్రిడ్జికీ గ్రౌండ్‌కీ సంబంధం తెగిందన్నమాట. మల్టీమీటర్ బజర్ మీద పెట్టి ఒక కొస బ్రిడ్జికి, ఇంకో కొస జాక్ బయటి భాగానికి ఆనించాను. బజర్ మోగలేదు.

బ్రిడ్జి ఐదు స్క్రూలూ విప్పి ఎత్తి చూశాను. దాని కింద చెక్కలోంచి పైకి వచ్చిన సన్నటి రాగి తీగ ఒకటి, గోరంత పొడవు, పచ్చగా చిలుము పట్టి చెక్కకి అతుక్కుపోయి ఉంది. బ్రిడ్జికి తగలడమే లేదు. వేలితో తాకితే కొస విరిగి పొడిలా రాలింది. లోపలినుంచి ఇంకో రెండు సెంటీమీటర్లు లాగి, పైతొడుగు తీసి, గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, వేళ్ళలా విడదీసి పరిచి, దాని మీద బ్రిడ్జి బిగించాను. రెండో కొసన వాల్యూమ్ పాట్ (నాబ్ కింది భాగం) దగ్గర టంకం కూడా పగిలి ఉంటే మళ్ళీ పెట్టాను. ఈసారి మీటర్ 0.4 ఓమ్ చూపించింది.

మిగిలిన కొద్ది మోత సింగిల్ కాయిల్ పికప్‌ల స్వభావం. రెండో పికప్‌లో తీగ చుట్టిన దిశ మొదటిదానికి వ్యతిరేకం కాబట్టి రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే ఒకదాని మోతని ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి కాస్త తగ్గించినా మోత తిరిగొస్తుంది. అందుకే రెండూ పూర్తిగా తెరిచే వాయిస్తున్నాను. టోన్ మార్చాలంటే కుడిచెయ్యి బ్రిడ్జి వైపుకో మెడ వైపుకో జరుపుతాను.

ఇప్పటిదాకా: టంకం కడ్డీ ₹380, మీటర్ ₹450, టంకం సామాను ₹90. మొత్తం ₹13,570. సాధన 27 గంటలు.

దశ 3: పాటలు రాసుకోవడం (జనవరి–మార్చి)

మొదటి మూడు పాటలూ ఫోన్ స్పీకర్లో విని రాసుకున్నాను. మూడూ చింపేయాల్సి వచ్చింది. అంత చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు. మనకి వినిపించేది ఆ స్వరం తాలూకు పై హార్మోనిక్‌లే (దాని రెట్టింపు, మూడింతల కంపనాలే). ఒకచోట కీబోర్డు ఎడమచేతి స్వరాన్నీ, ఇంకోచోట డోలక్ ఎడమవైపు మోతనీ బేస్ అనుకుని రాసేశాను. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ కొన్నాక గాని పని మొదలవలేదు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి:

1. ఆడాసిటీలో (కంప్యూటర్లో శబ్దాన్ని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) పాట తెరిచి, పిచ్ మార్పుతో ఒక ఆక్టేవ్ పైకి ఎత్తడం. 41 హెర్ట్జ్ 82 అవుతుంది, గీత గీసినట్టు వినిపిస్తుంది.
2. శ్రుతి మారకుండా వేగం 70 శాతానికి తగ్గించడం.
3. ఒక్కో కార్డ్‌కి (కలిపి మోగే స్వరాల గుంపుకి) ముందు మొదటి స్వరం మాత్రమే రాసుకోవడం. మధ్య స్వరాలు రెండో విడతలో.
4. రాసింది పాటతో కలిపి వాయించి, ఫోన్లో రికార్డు చేసి, మరుసటి రోజు వినడం. అదే రోజు వింటే చెవి మన వైపే మాట్లాడుతుంది.

పాత రికార్డింగుల్లో ఇంకో చిక్కు ఉంది. ఒక పాట మామూలు శ్రుతికి 30 సెంట్లు పైన ఉంది (అర్ధస్వరానికి 100 సెంట్లు). ట్యూనర్లో 440 బదులు 448 పెట్టి బేస్‌ని పాటకి కలుపుకున్నాను. ఆదివారం రిహార్సల్‌కి వెళ్ళేటప్పుడు తిరిగి మార్చడం మర్చిపోయాను. కీబోర్డు 440లో ఉంది. పల్లవి సగంలో అక్క పాట ఆపేసి "ఎవరిదో శ్రుతి కలవట్లేదు" అంది. అప్పటినుంచి బేస్ ముట్టుకోవడం లేదు, పాట ఫైలునే 30 సెంట్లు దించుతున్నాను.

ఎక్కువ సమయం తిన్నది 80ల నాటి ఇళయరాజా పాట ఒకటి. ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళానికి తోడు నడవదు. పాడేవాళ్ళ రాగానికి కింద తనదంటూ ఇంకో రాగం అల్లుకుంటూ పోతుంది. ఆ ఒక్క పాటకి 11 గంటలు పట్టింది. ప్రతి స్వరం దక్కింది. తీరా బ్యాండులో వాయిస్తే పాట బరువెక్కి నడవలేకపోయింది. రికార్డింగులో ఎన్నో వయొలిన్ల మధ్య అందంగా ఇమిడిన అల్లిక, ఐదుగురి మధ్య గొంతుకి అడ్డం పడుతోంది. నాలుగు వారాలు రకరకాలుగా చూశాక ఒక పద్ధతి కుదిరింది. గొంతు పలుకుతున్నప్పుడు కార్డ్ మొదటి స్వరమూ, దాని ఐదో స్వరమూ చాలు. గొంతు ఊపిరి తీసుకునే చోట మాత్రం అసలు అల్లిక ఒక్క స్వరం కూడా వదలకుండా వాయించాలి. వినేవాళ్ళకి బేస్ గుర్తుండేది ఆ సందుల్లోనే. పాట మీద గౌరవం ఉన్నవాళ్ళు స్వరాలు తగ్గించడానికి వెనకాడతారు, నేనూ వెనకాడాను. తగ్గించాకే అక్క ఆ పాట హాయిగా పాడగలిగింది.

స్కేల్ మార్పు సంగతి. ఒక పాట అసలు మూడు శ్రుతి, అంటే ఇ. బావగారి గొంతుకి రెండు శ్రుతి, అంటే డి కావాలి. అసలు పాటలో బేస్ అంతా వదిలిన ఇ స్ట్రింగు మీద నిలబడి ఉంది. రెండు అర్ధస్వరాలు దించితే ఆ స్వరం నా బేస్ మీద లేనే లేదు. ఇ స్ట్రింగుని డి దాకా వదులు చేసి చూశాను. అలా చేస్తే బిగువు దాదాపు ఐదోవంతు తగ్గిపోతుంది. స్ట్రింగు వేలాడి ఫ్రెట్లకి తగిలింది, పైగా తర్వాతి పాటకి మళ్ళీ శ్రుతి చేసుకోవడానికి స్టేజి మీద సమయం ఉండదు. చివరికి ఎ స్ట్రింగు 5వ ఫ్రెట్ మీద డి పట్టుకుని, చరణం చివర మాత్రం ఇ స్ట్రింగు మీదకి దిగేలా రాసుకున్నాను. కొంత గంభీరం తగ్గింది, పాట నిలబడింది.

ఎడమ మణికట్టు నొప్పి ఫిబ్రవరిలో మొదలైంది. మామూలు గిటార్లాగా ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు చాపడమే కారణం. గిటార్ మీద మొదటి నాలుగు ఫ్రెట్లు కలిపి 134 మి.మీ. అయితే బేస్ మీద 178. డబుల్ బేస్ వాళ్ళు చేసేలా కింది ఫ్రెట్లలో చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో మూడు ఫ్రెట్లే పట్టుకుని, నాలుగోదానికి చెయ్యే జరపడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో నొప్పి పోయింది.

ఇప్పటిదాకా: హెడ్‌ఫోన్ ₹1,900. మొత్తం ₹15,470. సాధన 96 గంటలు. చేతికొచ్చిన పాటలు 5.

దశ 4: రిహార్సల్ గది (ఏప్రిల్–జూన్)

కింది జి మళ్ళీ వచ్చింది. నాకేమో ఆ స్వరం వినపడదు, అందుకని వాల్యూమ్ పెంచుతాను. గోడల వారన కూర్చున్న మాస్టారు, ప్యాడ్స్ తమ్ముడు చెవులు మూసుకుంటారు. "అన్నా, ఆ ఒక్క స్వరం దగ్గర నా కిక్ నాకే వినపడట్లేదు" అన్నాడు తమ్ముడు. కిక్ అంటే ప్యాడ్స్ మీద వాయించే పెద్ద డ్రమ్ము దెబ్బ. రెండు ఆదివారాలు ఇదే గొడవ.

టేపు పెట్టి గది కొలిచాను. వెడల్పు పదకొండున్నర అడుగులు, 3.5 మీటర్లు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 343ని 3.5కి రెట్టింపైన 7తో భాగిస్తే 49. ఆ గది వెడల్పు సరిగ్గా కింది జి కోసం కట్టినట్టుంది! అలాంటి గదిలో ఆ స్వరం గోడల దగ్గర పొంగుతుంది, నడిమధ్యన సన్నబడిపోతుంది. నేను నిలబడింది నడిమధ్యన. ఫోన్ యాప్‌తో చూస్తే గోడ దగ్గరికీ మధ్యకీ 14 డెసిబెల్‌ల తేడా. పక్కనున్న ఎఫ్ షార్ప్‌కీ, ఎ కీ అంత తేడా లేదు.

మార్చినవి:

1. మూలన గోడకి ఆనించిన యాంప్‌ని గది వెడల్పుకి సరిగ్గా మధ్యలోకి తెచ్చాను. అక్కడినుంచి అది ఆ పొంగుని రేపలేదు.
2. నేను గోడ వారకి జరిగాను. మిగతావాళ్ళకి వినిపించేదే ఇప్పుడు నాకూ వినిపిస్తోంది.
3. యాంప్ మీద బేస్ నాబ్ సగానికి తగ్గించి, మిడ్ కొంచెం పెంచాను. స్వరం ఏదో చెవికి తెలిసేది మిడ్‌లోనే.

తేడా 14 నుంచి 5 డెసిబెల్‌లకి దిగింది. అయినా కింద ఏదో ముద్దముద్దగా ఉంది. అది గది కాదు, మాస్టారి ఎడమచెయ్యి. ఆయన కార్డ్ కింద ఎప్పుడూ బేస్ స్వరం పట్టుకుంటారు. ఇద్దరం ఒకే చోట, ఒకే స్వరం, రెప్పపాటు తేడాతో. వయసులోనూ విద్యలోనూ పెద్దాయన, ఎలా చెప్పాలో తెలియక మూడు వారాలు ఊరుకున్నాను. ఆఖరికి అడిగాను.

"మాస్టారూ, ఒక్క పాటకి ఎడమచెయ్యి పైకి జరిపి చూద్దామాండీ?"

"ముప్పై ఏళ్ళుగా బేస్ ఈ చేతిదే నాయనా. నువ్వొచ్చావని దానికెలా తెలుస్తుంది?" అన్నారు, కానీ కాదనలేదు. రెండు రకాలుగానూ రికార్డు చేసి అందరం కూర్చుని విన్నాం. రెండోది అయ్యాక ఆయనే "ఇందులో నా కుడిచెయ్యి కూడా బాగా వినపడుతోందే" అన్నారు. మధ్య సి కి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి, 131 హెర్ట్జ్, మా హద్దు. ఆ కీ మీద చిన్న తెల్ల స్టిక్కర్ అంటించుకున్నారు. హద్దుకి కింద నేను, పైన ఆయన. అంతటితో ఊరుకోలేదు. ఎక్కడెక్కడ మొదటి స్వరం బదులు కార్డ్ మూడో స్వరం కింద పెడితే పాట ముందుకి జారుతుందో, తన ఎడమచెయ్యి ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదంతా నా నోట్సులో గుర్తులు పెట్టి ఇచ్చారు. ఈ పది నెలల్లో నాకు దొరికిన అతి విలువైన కాగితం అది.

కాలం లెక్క. మే మొదటి వారం రికార్డింగుని ఆడాసిటీలో పెట్టి, కిక్ మొదలయ్యే చోటుకీ నా స్వరం మొదలయ్యే చోటుకీ తేడా 40 దెబ్బలకి కొలిచాను. సగటున 38 మిల్లీసెకన్లు ముందున్నాను. నిమిషానికి 96 దెబ్బల వేగంలో దెబ్బకి నాలుగోవంతు 156 మిల్లీసెకన్లు, అందులో నాలుగోవంతు నేను తొందరపడుతున్నాను. మెట్రోనోమ్ ప్రతి దెబ్బకీ పెట్టుకోవడం మానేసి, 2, 4 దెబ్బలకి మాత్రమే మోగేలా సగం వేగంలో పెట్టుకున్నాను. మధ్య ఖాళీ మనమే మొయ్యాలి. వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు. జూన్ చివరికి 14 మిల్లీసెకన్లు.

ఇప్పటిదాకా: గది అద్దెలో నా వాటా ₹1,800, రెండో స్ట్రింగుల సెట్టు ₹1,350. మొత్తం ₹18,620. సాధన 171 గంటలు. పాటలు 10.

దశ 5: వినాయక చవితి స్టేజి (జూలై–ఆగస్టు)

మా అపార్టుమెంటు సెల్లార్‌లో మండపం, పక్కనే స్టేజి. ముందురోజు సౌండ్ సెట్టు వచ్చింది. వాళ్ళ దగ్గర బేస్‌కి విడిగా ఏమీ లేదు, మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చమన్నారు. స్వరం గుడ్డ కప్పినట్టు మందంగా, బలం లేకుండా వచ్చింది. బ్యాటరీ లేని పికప్‌లకి ఎదురుగా పది లక్షల ఓమ్‌ల వరకు అడ్డు (ఇంపిడెన్స్) ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. లైన్ ఇన్‌పుట్ పది వేల దగ్గర ఉంటే పై స్వరాలన్నీ అక్కడే చచ్చిపోతాయి. మరుసటి పొద్దున్నే యాక్టివ్ డీఐ బాక్స్ (పికప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఆ అడ్డుని కుదిర్చే చిన్న పెట్టె) కొన్నాను. మిక్సర్ ఇచ్చే 48 వోల్ట్ల ఫాంటమ్ పవర్‌తోనే అది నడుస్తుంది.

దానికన్నా పెద్ద విషయం ఇంకొకటి. దయచేసి దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. సౌండ్ చెక్‌లో కోరస్ పాడదామని మైకు దగ్గరికి వంగితే పెదవికి చురుక్కుమంది. వెంటనే వెనక్కి వచ్చి, మీటర్ ఏసీ మీద పెట్టి స్ట్రింగుకీ మైకు జాలీకీ మధ్య కొలిచాను. 87 వోల్టులు. నా యాంప్ ఒక బోర్డు మీద, మిక్సర్ ఇంకో బోర్డు మీద ఉన్నాయి. రెండో బోర్డు విప్పి చూస్తే ఎర్త్ పిన్ వెనక వైరే లేదు. అక్కడ చేతులు తడిగా ఉంటే, లీకేజీ ఇంకాస్త ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

1. అన్నీ ఆపించాం. అపార్టుమెంటు ఎలక్ట్రీషియన్ వచ్చి, ఎర్త్ ఉందని మెయిన్ బోర్డు దగ్గర పరీక్షించి, అక్కడినుంచి మూడు వైర్ల కేబుల్ కొత్తగా లాగారు.
2. మిక్సర్, యాంప్, కీబోర్డు, ప్యాడ్స్ అన్నిటికీ ఆ ఒక్క లైనే.
3. మళ్ళీ కొలిచాం. 0.6 వోల్ట్.
4. ఇక ప్రతి స్టేజికీ ముందు మీటర్ నా సంచిలో ఉంటుంది. ముందు స్ట్రింగుకీ మైకుకీ మధ్య కొలుస్తాను, తర్వాతే మైకు ముట్టుకుంటాను.

ప్రోగ్రాంలో 11 పాటలు. పది కుదిరాయి. ఏడో పాట చెడింది, చెడగొట్టింది నేనే. ఆరెనిమిది (6/8) నడకలో ఉండే పాట అది. దాని ఎత్తుగడ (పాట మొదలయ్యే చోటు) సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఉండదు, ఒక దెబ్బ ముందు లేస్తుంది. గదిలో ప్యాడ్స్ తమ్ముడు కర్రలతో లెక్క ఇచ్చేవాడు. స్టేజి మీద చప్పట్ల మధ్య లెక్క నాకు వినపడలేదు. కీబోర్డు మొదటి స్వరాన్నే సమం అనుకుని దిగాను. పల్లవి మొత్తం ఒక దెబ్బ ముందుగా నడిచాను. తప్పు తెలిసింది, కానీ ఎటు జరగాలో తోచలేదు. మొదటి చరణం ముందు మాస్టారు నా వైపు చూసి తల గట్టిగా ఊపి సమం చూపించారు, అక్కడ కలిశాను.

దానికి చేసిన మార్పు: ఎత్తుగడ సమం మీద లేని పాటల్లో మొదటి రెండు ఆవృత్తాలు (తాళం పూర్తి చుట్లు) నేను వాయించను. కిక్ రెండుసార్లు విన్నాకే దిగుతాను. మళ్ళీ గదిలో ఎనిమిదిసార్లు పరీక్షించాం, ఎనిమిదిసార్లూ సరిగ్గా పడ్డాను.

ఇప్పటిదాకా: డీఐ బాక్స్ ₹2,600, కేబుల్ ₹700. మొత్తం ₹21,920. సాధన 204 గంటలు. పాటలు 11.

చవితి తర్వాత వారం

వానల తేమకి మెడ కదిలింది. వంపు 0.45 మి.మీ. ట్రస్ రాడ్ అరపావు చుట్టు బిగించి వదిలాను. మూడు రోజుల తర్వాత 0.32. స్ట్రింగుల ఎత్తు ముట్టుకోలేదు.

దసరాకి పన్నెండో పాట ఒప్పుకున్నాం. అక్కకి నాలుగున్నర శ్రుతి. రెండో చరణం ముందు వచ్చే బీజీఎంలో మొదటి ఎనిమిది ఆవృత్తాలు కీబోర్డు ఆపేసి బేస్ ఒక్కటే నడవాలని మాస్టారు రాసి పంపారు. అందులో నాలుగోసారి కింది జి మీద రెండు దెబ్బలు నిలవాలి. ఈ ఆదివారం యాంప్ చోటు మళ్ళీ కొలిచి చూస్తాను.